ఆర్గానోక్లే కలిపాక పాలీప్రొపిలీన్ ఎందుకు పెళుసుబారింది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాలీప్రొపిలీన్‌లో 5 శాతం ఆర్గానోక్లే (సేంద్రియ అయాన్లతో మార్చిన మట్టి) కలిపారు. మోడ్యులస్ (గట్టిదనం కొలత) కొద్దిగా పెరిగింది కానీ ఇంపాక్ట్ బలం, సాగే గుణం బాగా పడిపోయాయి, మోల్డ్ చేసిన బార్లు పసుపు రంగుకు తిరిగాయి. ఎక్స్‌ఆర్‌డీలో (పొరల మధ్య దూరం చూపించే ఎక్స్-రే పరీక్ష) క్లే పీక్ కనబడట్లేదు కాబట్టి పొరలు విడిపోయినట్టేనని అనుకుంటున్నారు. ఇప్పుడు క్లేని 10 శాతానికి పెంచమంటారా అని అడిగారు. వద్దండీ, పెంచకండి. నేనూ ఇదే దారిలో వెళ్లి దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ మట్టిని మామూలు ఫిల్లర్‌లా చూడకూడదు. బెంటోనైట్ అనే ఈ మట్టిలో ముఖ్య ఖనిజం మాంట్‌మోరిల్లోనైట్. దాని ఒక్కో పొర మందం దాదాపు 1 నానోమీటర్, అడ్డంగా చూస్తే వందల నానోమీటర్లు. పేకముక్కల కట్టలా ఈ పొరలు ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉంటాయి. మధ్యలో సోడియం అయాన్లు, వాటి చుట్టూ కొంత నీరు. పాలీప్రొపిలీన్‌కి నీటి పొడ గిట్టదు కాబట్టి ఆ సందుల్లోకి పోదు. అందుకే సోడియంను తప్పించి, ఆ చోట పొడవాటి కార్బన్ తోక ఉన్న అమ్మోనియం అయాన్లను కూర్చోబెడతాం. దాంతో సందు వెడల్పవుతుంది, లోపలి స్వభావం నూనెకు దగ్గరవుతుంది. అంతా కలిపి చూస్తే ఎంత మట్టి వేశామన్నది తర్వాతి మాట. ఆ తోక ఏ రకం, ఎంత ఉంది, విడిగా తిరిగేది ఎంత మిగిలింది అన్నదాని మీదే నా ఫలితాలన్నీ ఆధారపడ్డాయి.

నా మొదటి తప్పు అక్కడే జరిగింది. నా మట్టి అయాన్ మార్పిడి సామర్థ్యం 100 గ్రాములకు 90 మిల్లీఈక్వివలెంట్లు. అంటే 10 గ్రాముల మట్టికి 9 మిల్లీమోల్‌ల సర్ఫాక్టెంట్ (ఆ తోక ఉన్న అమ్మోనియం లవణం) చాలు. నేను వాడింది సీటీఏబీ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్), దాని అణుభారం 364. లెక్క కడితే 3.3 గ్రాములు. నేను మాత్రం ఎక్కువ వేస్తే సందు ఇంకా తెరుచుకుంటుందని రెట్టింపు వేశాను. తెరుచుకుంది కూడా! ఎక్స్‌ఆర్‌డీలో పొరల దూరం పెరిగిందని చూసి ఎంత సంబరపడ్డానో. అదే మట్టిని ఎక్స్‌ట్రూడర్‌లో (ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే స్క్రూ యంత్రం) వేశాక, కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే డై దగ్గర సన్నగా పొగ, ముక్కు మండించే అమీన్ వాసన వచ్చాయి. మర్నాడు బార్లను చేత్తో పట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటింది. అయాన్ మార్పిడిలో చోటు దొరకని సర్ఫాక్టెంట్ పొరల మధ్య ఊరికే ఇరుక్కుని ఉంది. వేడికి అదే ముందు చెడిపోయింది, మిగిలింది పాలిమర్‌ని మెత్తబరిచి పైకి చేరింది.

ఆ తర్వాతి నుంచి కడగడం మీద నాకు పట్టుదల వచ్చింది. వేడినీళ్లు, ఇథనాల్ కలిపి కడిగి, వడపోసిన ద్రవం కొద్దిగా టెస్ట్‌ట్యూబ్‌లోకి తీసుకుని సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసేవాణ్ణి. మొదటి కడుగులో చుక్క పడ్డచోట లేత పసుపు తెలుపులో మబ్బు కట్టి అడుగుకు దిగేది. అది సిల్వర్ బ్రోమైడ్. మూడో కడుగుకి పలచటి పొగలా ఉండేది. అయిదో ఆరో కడుగు దాటాక చుక్క పడ్డా ద్రవం తేటగానే ఉండేది. అప్పుడు ఆపేవాణ్ణి. మీది కొన్న ఆర్గానోక్లే అయినా ఈ పరీక్ష చేయండి. ఒక గ్రాము తీసుకుని వేడి ఇథనాల్, నీళ్ల మిశ్రమంలో కలిపి, వడపోసి చూడండి. మబ్బు కడితే విడి సర్ఫాక్టెంట్ మిగిలి ఉండొచ్చు. బార్లు పసుపెక్కాయంటే నాకు ముందు దీని మీదే అనుమానం.

మట్టి శుద్ధి గురించి కూడా ఒక మాట. ముడి బెంటోనైట్‌తో మీరే తయారుచేసుకుంటుంటే, 2 శాతం దాకా నీళ్లలో బాగా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. క్వార్ట్జ్, బరువైన మలినాలు అడుగుకు చేరతాయి, పైన తేలుతున్న భాగమే వాడాలి. నేను మొదట్లో ఈ పని చేయలేదు. గాజు కడ్డీతో బీకర్ అడుగు గీస్తే గరగరమని చప్పుడు వచ్చేది. ఆ రేణువులే తర్వాత ఇంపాక్ట్ బార్లలో పగుళ్లు మొదలయ్యే చోట్లయ్యాయి. పొడి దుమ్ములోనూ క్వార్ట్జ్ ఉండొచ్చు కాబట్టి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరిగా పెట్టుకోండి.

ఇక అందరూ ఉదాహరణగా చూపించే టయోటా పరిశోధకుల నైలాన్ 6 సంగతి. 4 శాతం పైచిలుకు మట్టితో మోడ్యులస్ 1.1 నుంచి 2.1 గిగాపాస్కల్‌లకు, బలం 69 నుంచి 107 మెగాపాస్కల్‌లకు పెరిగాయి. వేడికి వంగే ఉష్ణోగ్రత 65 నుంచి 140 డిగ్రీలు దాటింది. ఈ అంకెలు చూసే నేనూ ఇందులోకి దిగాను. కానీ వాళ్లు చేసిన పద్ధతి వేరు. మట్టిని 12-అమైనోలారిక్ ఆమ్లంతో మార్చి, నైలాన్ 6 ముడిపదార్థమైన కాప్రోలాక్టమ్‌ని పొరల మధ్యకు పంపి, అక్కడే పాలిమర్‌గా మార్చారు. గొలుసు లోపలే పెరిగి పొరల్ని తోసేసింది. పైగా నైలాన్‌కి సిలికేట్ ఉపరితలం అంటే సహజంగానే ఇష్టం. అందుకే నైలాన్‌లో ఒక తోక ఉన్న సర్ఫాక్టెంట్ బాగా పనిచేస్తుంది. రెండు తోకలైతే ఆ ఉపరితలాన్ని కప్పేసి నైలాన్‌ని దూరం పెడతాయి. పాలీప్రొపిలీన్‌ది ఇందుకు పూర్తిగా తలకిందుల వ్యవహారం. దానికి ఉపరితలం ఎంత కప్పబడితే అంత మంచిది, కాబట్టి రెండు పొడవాటి తోకలున్న రకం తీసుకోండి. మీరు హైడ్రాక్సీఇథైల్ గుంపులున్న రకం వాడి ఉంటే అది నైలాన్, పాలీలాక్టిక్ ఆమ్లం లాంటి వాటికి సరిపోయేది, మీ పాలిమర్‌కి కాదు.

తోక సరైనదే అయినా పాలీప్రొపిలీన్ తనంతట తాను లోపలికి పోదు. మధ్యవర్తి కావాలి, అది మాలిక్ అన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు, నాకు అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే అనిపించింది. నేను ముందు మట్టినీ దీన్నీ కలిపి మాస్టర్‌బ్యాచ్ (చిక్కటి ముందస్తు మిశ్రమం) చేసి, తర్వాత అసలు పాలీప్రొపిలీన్‌లో కలిపేవాణ్ణి. బరువులో మట్టికి రెండు నుంచి మూడు రెట్లు పెట్టినప్పుడు నాకు మంచి ఫలితం వచ్చింది. మరీ ఎక్కువ పెడితే మళ్లీ పాలిమర్ మెత్తబడుతుంది. ఈ ఒక్క మార్పుతో తేడా కంటికే కనబడింది. హాట్ ప్రెస్‌లో పలచటి ఫిల్మ్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ముందు ఫిల్మ్ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు, తర్వాతి దాంట్లో వెతికితే ఒకటీ అరా. ఖర్చు లేని పరీక్ష ఇది, ఈరోజే చేసి చూడండి.

మీ ఎక్స్‌ఆర్‌డీ విషయం. స్కాన్ ఏ కోణం నుంచి మొదలుపెట్టారు? నాది 5 డిగ్రీల నుంచి. రెండు తోకల ఆర్గానోక్లేలో పొరల దూరం 2.4 నానోమీటర్ల దాకా ఉంటుంది. రాగి లక్ష్యం ఉన్న యంత్రంలో దాని పీక్ 2θ (స్కాన్ కోణం) 3.7 డిగ్రీల దగ్గర పడుతుంది. అంటే నేను చూస్తున్న కిటికీలో ఆ పీక్ అసలు లేనే లేదు! దాన్ని పట్టుకుని పొరలన్నీ విడిపోయాయని రిపోర్ట్ రాసేశాను. ఆ తర్వాత టీఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) నల్లటి ముద్దలు కనబడేసరికి టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు. 1.5 లేదా 2 డిగ్రీల నుంచి స్కాన్ చేయండి. అప్పుడు కూడా పీక్ లేకపోతే పొరలు విడిపోయాయని ఖాయం చేయకండి. మట్టి తక్కువైనా, పొరలు అడ్డదిడ్డంగా ఉన్నా పీక్ మాయమవుతుంది. టీఈఎమ్ చూసి తీరాలి. పీక్ పెద్ద కోణం వైపు జరిగితే మాత్రం అది చెడ్డ వార్త. తోకలు కాలిపోయి పొరలు మళ్లీ దగ్గరయ్యాయన్నమాట.

ఎందుకు కాలతాయంటే, నైట్రోజన్‌కి నాలుగు కార్బన్ గుంపులు అతికిన ఈ అమ్మోనియం లవణాలు 180, 200 డిగ్రీల నుంచే విడిపోవడం మొదలుపెడతాయి. హాఫ్‌మన్ ఎలిమినేషన్ అనే చర్య అది, ఒక ఆల్కీన్, ఒక అమీన్ మిగులుతాయి. మీరు పాలీప్రొపిలీన్‌ని 220లో నడిపి ఉంటే 190, 200 మధ్యకు దించండి. పాలిమర్ గొలుసు తెగకుండా యాంటీఆక్సిడెంట్ వేయండి. స్క్రూ వేగాన్ని విపరీతంగా పెంచకండి, రాపిడికి లోపలి వేడి డిస్‌ప్లేలో చూపించేదానికన్నా చాలా పెరుగుతుంది. మట్టిని 80 డిగ్రీల వాక్యూమ్‌లో రాత్రంతా ఆరబెట్టి వాడండి. ఇంకా ఎక్కువ వేడిలో కరిగే పాలిమర్‌లకు ఇమిడజోలియం, ఫాస్ఫోనియం రకాలు వాడతారు గానీ మీకు ఆ అవసరం రాదు.

ఇంకో లెక్క కూడా సరిచూసుకోండి. మీ 5 శాతంలో మట్టి ఎంత? రెండు తోకల ఆర్గానోక్లేలో సుమారు 35 నుంచి 40 శాతం సేంద్రియ పదార్థమే ఉంటుంది. కాబట్టి అసలు సిలికేట్ 3 శాతం చుట్టుపక్కల. మీ పొడికి టీజీఏ (వేడిచేస్తూ బరువు తగ్గుదల కొలిచే పరీక్ష) చేయించి మిగిలిన బూడిదను బట్టి లెక్క వేయండి, లేకపోతే రెండు రకాల మట్టిని పోల్చడం అర్థంలేని పని. ఆ 3 శాతం సరిగ్గా విడిపోతే చాలు. 10కి పోతే కట్టలు కట్టలుగా ముద్దలయి ఇంపాక్ట్ ఇంకా పడిపోతుంది.

ఒక మాట సూటిగా చెప్పాలి. మీకు కావలసింది గట్టిదనం ఒక్కటే అయితే టాల్క్ 20 శాతం వేయండి, పని చవకగా అయిపోతుంది. పొరలు బాగా విడిపోయినా ఇంపాక్ట్ పెరుగుతుందని ఆశపెట్టుకోవద్దు, తగ్గకుండా కాపాడుకుంటే గొప్ప. ఆర్గానోక్లే నిజంగా విలువ చేసేది వాయువులను అడ్డుకోవడంలో. అణువులు పొరల చుట్టూ తిరిగి తిరిగి పోవాల్సి వస్తుంది కాబట్టి ఫిల్మ్‌లోంచి ఆక్సిజన్ చేరడం నెమ్మదిస్తుంది. మంట అంటుకున్నప్పుడు పైన బొగ్గు పొర కట్టి వేడి విడుదల వేగాన్ని తగ్గించడంలో కూడా. మీరు దేనికోసం చేస్తున్నారో చెప్తే ఇంకా సూటిగా సలహా ఇవ్వగలను. ఈలోపు సిల్వర్ నైట్రేట్ పరీక్ష, పలచటి ఫిల్మ్, 1.5 డిగ్రీల నుంచి కొత్త స్కాన్, ఈ మూడూ చేసి ఏం కనబడిందో ఇక్కడే కింద రాయండి.