గాలాపగోస్ వెళ్లే మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

జూన్‌లో పసిఫిక్ సముద్రంలోని, ఈక్వడార్ దేశపు గాలాపగోస్ దీవులకు వెళ్తున్నావనీ, ఏ పడవ ఎంచుకోవాలో తేలడం లేదనీ రాశావు. గదులూ భోజనమూ ఎలా ఉంటాయని అడిగావు గానీ, ముందుగా చూడవలసింది ఆ పడవ తిరిగే దారి. ఏ పడవా 14 రోజుల లోపల ఒకే చోటికి రెండోసారి రాకూడదని అక్కడి జాతీయ పార్కు నియమం. అందువల్ల ఒక్కో పడవ ఒక విడత కొన్ని దీవులకూ, మరో విడత వేరే దీవులకూ వెళ్తుంది, వారంలో అన్నీ చూడడం ఎవరికీ కుదరదు. ఆల్బట్రాస్ పక్షులే కావాలనుకుంటే ఎస్పాన్యోలా దీవికి వెళ్లే దారి పట్టాలి, ఎందుకంటే అక్కడి జాతి దాదాపు మొత్తం ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఆ ఒక్క దీవిలోనే గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతుంది. నన్నడిగితే మాత్రం పడమటి దారే మేలంటాను. ఇసబెలా దీవి పడమటి తీరంలోనూ, 2024 మార్చిలో కూడా లావా కక్కిన ఫెర్నాండినా దీవి చుట్టూనూ సముద్రపు లోతుల నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. ఆ నీటి చలువ వల్లనే భూమధ్యరేఖ మీద పెంగ్విన్లు బతకగలుగుతున్నాయి. రెక్కలు కుదించుకుపోయి ఎగరలేని నీటికాకులు కూడా ఆ రెండు చోట్ల తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు.

వంద మంది ఎక్కే ఓడలు కూడా ఉన్నాయి గానీ 16 మంది పట్టే చిన్న పడవే నీకు తగినది. ఒడ్డుకు దిగడానికి వంతు కోసం కాచుకోనక్కరలేదు, గైడు చెప్పే మాట ప్రతి ఒక్కరికీ వినిపిస్తుంది. చిన్న పడవ కెరటాలకు ఎక్కువ ఊగుతుంది, పైగా దీవి నుంచి దీవికి ప్రయాణం చాలావరకు రాత్రిపూటే సాగుతుంది కనుక, కింది అంతస్తులో నడిమి గది అడిగి తీసుకో. వాంతుల మాత్ర కడుపు తిప్పడం మొదలయ్యాక కాదు, పడవ కదలక ముందే వేసుకోవాలి. శాకాహారమని ముందే రాసి పంపితే సరిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫెర్నాండినాలో పుంటా ఎస్పినోసా దగ్గర దిగగానే నల్లరాతి మీద వందలాది సముద్రపు ఇగ్వానాలు, అంటే పెద్ద బల్లుల వంటి జీవులు, ఒకదాని మీద ఒకటి పడి ఎండ కాగుతూ కనిపిస్తాయి. చాలామంది నాలుగు ఫొటోలు తీసుకుని ముందుకు సాగిపోతారు. నీవు గైడుకు చెప్పి, ఒకే ఒక్క ఇగ్వానాను చూస్తూ నిలబడు. కాసేపు అది రాయిలాగే ఉంటుంది. తరువాత తల కొంచెం ఎత్తి ముక్కు రంధ్రాల నుంచి ఫుస్సుమని తుంపర చిమ్ముతుంది. నాచు మేస్తూ మింగిన ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథులు వేరుచేసి అలా బయటికి పంపుతాయి. ఆ తుంపరే దాని నెత్తి మీద పడి ఎండి తెల్లని పొరగా పేరుకుంటుంది. ఒళ్లు వేడెక్కాక పెద్ద మగవి లోతుకు మునిగి మేస్తాయి, ఆడవీ పిల్లలూ ఆటు సమయంలో తేలిన రాళ్ల మీది నాచును కొరుక్కుంటాయి. అందుకే మరునాడు ఆటు ఏ వేళకో ముందు రాత్రే గైడును అడిగి తెలుసుకో. ఎల్‌నినో వల్ల నీరు వేడెక్కితే ఆ నాచు నశిస్తుంది. 1982-83లోనూ, 1997-98లోనూ ఈ జీవులు ఆకలితో పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఇంత కష్టపడి బతికే ప్రాణిని ఒక్క చూపు చూసి వదిలేయడం నాకు మనస్కరించదు. నీటికాకుల గూడు కనిపించినా అలాగే ఆగు. వేట నుంచి తిరిగి వచ్చిన పక్షి గూట్లో కూర్చున్న తన జతకు నాచు తుంపు తెచ్చి అందించడం కనిపించవచ్చు.

అక్కడి జంతువులు మనుషులను చూసి బెదరవు. సీ లయన్ (సముద్ర సింహం) పిల్ల నీ కాళ్ల దగ్గరికే రావచ్చు. అప్పుడు నీవే వెనక్కి తగ్గాలి. రెండు మీటర్ల దూరం పాటించాలి, ముట్టకూడదు, ఫ్లాష్ వాడకూడదు. పండ్లూ విత్తనాలూ సంచిలో ఒక్కటి కూడా ఉండకూడదు, తనిఖీ చేస్తారు. మన పెరట్లో ముద్దుగా పెంచుకునే జామచెట్టు అక్కడి దీవుల్లో స్థానిక మొక్కలను అణచివేస్తున్న కలుపు మొక్క అయింది. బూట్ల అడుగున అంటుకున్న మట్టిని కూడా బయలుదేరే ముందు కడిగెయ్యి.

సంక్రాంతికి ఎలాగూ శ్రీకాకుళం వస్తున్నావు కనుక, బైనాక్యులర్స్ వెంట తెచ్చుకో. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఇళ్ల నడుమ చెట్ల మీద పెలికాన్లు అప్పటికి గూళ్లలో ఉంటాయి. గాలాపగోస్ ప్రయాణానికి సాధనగా ఒక ఉదయమంతా ఒక్క గూటినే చూస్తూ, ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో, ఏమి తెచ్చిందో పుస్తకంలో రాయి. పెన్సిల్‌తో రాయడం అలవాటు చేసుకో. సముద్రపు తడికి ఇంకు నిలవదు.

ఇట్లు,
మావయ్య