ప్రాసెస్ నీళ్లు వాన కాలువలో కలిశాయి: ఇప్పుడేం చేయాలి?

తమ్ముడూ, టెన్షన్ పడకు. జీడిమెట్ల యూనిట్‌లో రాత్రి షిఫ్ట్‌లో ట్యాంకు పొంగి, ప్రాసెస్ నీళ్లు, అంటే తయారీలో వాడి వదిలే నీళ్లు, వాన నీటి కాలువలోకి పోయాయని, మేనేజర్ "కడిగేసి ఊరుకో" అన్నాడని రాశావు. ఆ కడిగే పని మాత్రం చేయకు. నీళ్లు కొడితే కాలుష్యం పోదు, ఇంకా ముందుకు, నాలా దాకా పోతుంది. మన నాలాలు ఎక్కడ తేలుతాయో తెలుసుగా, మూసీలో.

ముందు ట్యాంకులోకి వచ్చే పంపు ఆపు. గేటు దగ్గర, కాలువ బయటికి పోయే చోట ఇసుక బస్తాలు వేసి అడ్డుకట్ట కట్టు. నిలిచిన నీటిని ట్యాంకర్‌తో తోడించి మీ ఈటీపీకి, అంటే మురుగు నీటిని శుద్ధి చేసే ప్లాంటుకి పంపు. నాలాలో సున్నమో కాస్టిక్కో గుమ్మరించి సరిచేద్దామనుకోవద్దు, అది ఇంకో తప్పు. మ్యాన్‌హోల్‌లోకి ఎవర్నీ దింపకు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు.

శుభ్రం చేయకముందే శాంపిళ్లు తియ్యి: ట్యాంకులోది, కాలువలోది, కలిసిన చోటికి ఎగువనది కూడా. ఎగువది లేకపోతే పక్క ఫ్యాక్టరీ మురుగు కూడా నీ లెక్కలోకే వస్తుంది. సీసాలు ఐస్‌లో పెట్టు, టైము రాసుకో.

ఇక కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలా అన్నావు. చెప్పాలి, వెంటనే. 1974 నీటి చట్టం 31వ సెక్షన్ ప్రకారం అది యూనిట్ బాధ్యుడి పని. ఫోన్ చేశాక మెయిల్ కూడా పెట్టించు. మేనేజర్ వద్దంటే, ఆ మాట రాతపూర్వకంగా అడుగు.