వెళ్ళే తేదీ ఆ అమ్మాయికి నువ్వే చెప్పు

ప్రశ్న: మాది రాజమండ్రి. ఒట్టావాలో చదువుకుంటున్నాను. ఈ వేసవిలో కెనడా ఉత్తరాన నునావుట్‌లో, బాఫిన్ దీవిలోని ఇనుయిట్ అనే ఆదివాసీల చిన్న ఊరి యువజన కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. సాయంత్రాలు పిల్లలతో ఆటలు ఆడించడం, వంట చేయించడం నా పని. పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె నాకు బాగా దగ్గరైంది. ఒక రాత్రి ‘నాకు బతకాలని లేదు’ అంది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. నేను ఆగస్టు చివర వెళ్ళిపోతానని ఎవరి ద్వారానో విని, ‘అందరూ ఇంతే’ అని నాతో మాట్లాడటం మానేసింది. క్రిస్మస్‌కు మళ్ళీ వస్తానని చెప్పాలనిపిస్తోంది. చదువు ఆపేసి ఇక్కడే ఉండిపోవాలని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది. నాన్నేమో ‘అప్పు చేసి పంపింది ఆ మంచులో ఊరికే పనిచేయడానికా?’ అని ఫోను పెట్టేశారు. ఇక్కడ సీలు అనే సముద్ర జంతువు మాంసం తిన్నానని అమ్మకు ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ఆ అమ్మాయి నీతో అన్న మాట ఈ రోజే మీ కేంద్రం నడిపేవారికి చెప్పు. వాళ్ళు దొరకకపోతే ఊళ్ళోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. నునావుట్ మొత్తానికి ఆస్పత్రి దాని రాజధాని ఇకాలుయిట్‌లో మాత్రమే ఉంది కాబట్టి, చిన్న ఊళ్ళలో ఇలాంటి మాట మొదట వినాల్సింది అక్కడి నర్సులే. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకు సాయం చేసే 988 నంబరు కెనడాలో 2023 నవంబరు నుంచి పనిచేస్తోంది. ఫోను చేయవచ్చు, సందేశమూ పంపవచ్చు. ఆ పిల్లకే కాదు, ఇంత బరువు ఒంటరిగా మోస్తున్న నీకు కూడా అది పనికొస్తుంది.

ఒట్టు సంగతి. ప్రాణానికి సంబంధించిన రహస్యాన్ని దాస్తానని ఎవరూ మాట ఇవ్వకూడదు, ఇచ్చినా నిలబెట్టుకోకూడదు. కానీ ఆమె వెనకాల వెళ్ళి చెప్పకు. ముందు ఆమె దగ్గరకే వెళ్ళి, ‘నువ్వన్న మాట నేను దాచలేను. నాతో వస్తే ఇద్దరం కలిసి చెబుదాం, రాకపోతే నేనే చెబుతాను’ అను. చనిపోవాలన్న ఆలోచన ఇప్పటికీ ఉందా అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా జరగదు. ఉందని చెబితే, పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చేదాకా ఆమెను ఒంటరిగా వదలకు. నోటితో జవాబు రాకపోవచ్చు. అక్కడ కనుబొమ్మలు పైకెత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని అర్థమని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. మౌనంగా ఉంటే తొందరపెట్టకుండా పక్కన కూర్చో. కోప్పడితే కోప్పడనీ.

ఇనుయిట్ యువతలో ఆత్మహత్యలు కెనడా సగటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది వాళ్ళ స్వభావమనో, చీకటి శీతకాలాల వల్లనో అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ మాట నమ్మకు. 1970లకు ముందు అక్కడ యువత ఇలా చనిపోవడం చాలా అరుదు. కుటుంబాలను శాశ్వత ఊళ్ళలోకి చేర్చడం, పిల్లలను ఇళ్ళ నుంచి విడదీసి రెసిడెన్షియల్ పాఠశాలలకు తరలించడం, ఇరుకు ఇళ్ళు, పేదరికం, ఇవన్నీ కలిసి తెచ్చిన దుఃఖం ఇది. ఇనుయిట్ జాతీయ సంస్థ 2016లో విడుదల చేసిన ఆత్మహత్యల నివారణ వ్యూహం కూడా మూలాలను అక్కడే చూసింది.

‘అందరూ ఇంతే’ అన్న మాటకు కూడా అక్కడ చాలా వెనకటి చరిత్ర ఉంది. 1950లలో సి.డి. హోవ్ అనే ఓడ తీరం వెంట తిరుగుతూ క్షయ పరీక్షలు చేసేది. రోగం ఉందని తేలితే చాలామందిని ఇంటివాళ్ళకు వీడ్కోలు చెప్పే వ్యవధి కూడా లేకుండా దక్షిణ కెనడాలోని శానిటోరియాలకు, అంటే క్షయ ఆస్పత్రులకు తీసుకుపోయేవారు. 1956 నాటికి ఇనుయిట్లలో ప్రతి ఏడుగురిలో ఒకరు అలాంటి చోట ఉన్నారు. తిరిగిరానివాళ్ళు ఎందరో. వాళ్ళను ఎక్కడ ఖననం చేశారో కుటుంబాలకు ఏళ్ళ తరబడి తెలియలేదు. దీనికి అప్పటి కెనడా ప్రధాని ఇకాలుయిట్ వచ్చి క్షమాపణ చెప్పింది 2019 మార్చి 8న. అలా తీసుకుపోయినవాళ్ళ మనవల తరానికి ఇప్పుడు ఒప్పందం మీద వచ్చి వెళ్ళే టీచర్లు, నర్సులు, నీలాంటి వేసవి వలంటీర్లు కనిపిస్తారు. ప్రేమగా వస్తారు, విమానం ఎక్కుతారు. ఆ అమ్మాయి కోపం నీ ఒక్కదాని మీదే కాదు. అందులో నీ వాటా మాత్రం ఉంది: వెళ్ళే తేదీ ఆమె నీ నోటి నుంచి వినలేదు. అది ఇప్పుడైనా చెప్పు. ఏ రోజు, ఎందుకు వెళ్తున్నావో, ఒట్టావాలో ఏం చేస్తావో చెప్పు.

క్రిస్మస్ మాట ఎత్తనే వద్దు. ఆ ఊరికి దారి లేదు, విమానమే గతి. టికెట్టుకు వేల డాలర్లవుతాయి. శీతకాలంలో మంచు తుఫాను వస్తే అది కూడా రద్దవుతుంది. అప్పు చేసి చదువుతున్న నువ్వు ఆ మాట నిలబెట్టుకోలేవు. ఫలానా వారం ఫోను చేస్తానని మాత్రం చెప్పు, ఆ వారం తప్పకుండా చెయ్యి. వారానికొకసారి కుదరదనిపిస్తే నెలకొకసారే అను.

మిగిలిన రోజుల్లో నీ మీద ఆధారపడటం తగ్గించి, ఊళ్ళోనే ఉండేవాళ్ళకు ఆమెను దగ్గర చెయ్యి. కుట్టుపనికి కూర్చునే పెద్దమ్మలు ఉంటే ఆమెతో కలిసి వెళ్ళు. సీలు తోలుతో బూట్లు కుట్టడం అక్కడ పాఠంలా చెప్పరు, చూస్తూ చేస్తూ నేర్చుకోవాలి. నీకు సూది పట్టడం రాకపోతే ఆమే నీకు చూపిస్తుంది. చేతులు పనిలో ఉన్నప్పుడు మనసులో మాట కాస్త సులువుగా బయటికి వస్తుంది. అత్తో, బాబాయో, నానమ్మో, ఆమె మాటల్లో తరచుగా వచ్చే పేరు ఎవరిదో గమనించి, నర్సుకు గాని కేంద్రం వాళ్ళకు గాని ఆ పేరు చెప్పు.

చదువు ఆపి ఉండిపోవడం నాకు సరి అనిపించడం లేదు. నునావుట్ జనంలో సుమారు సగం మంది పాతికేళ్ళ లోపువాళ్ళే. సాయంత్రం కేంద్రాన్ని నడపగల పద్దెనిమిదేళ్ళ పిల్లలు నీ కళ్ళముందే ఉన్నారు. తాళాలు ఎక్కడుంటాయో, సరుకులు ఎవరిని అడగాలో, ఆటల జాబితా ఏమిటో వాళ్ళకు అప్పగించు. చివరి రెండు వారాలు వాళ్ళే నడపాలి, నువ్వు పక్కన ఉండాలి. మళ్ళీ ఆ ఊరు వెళ్ళాలంటే చదువు పూర్తి చేసి, వాళ్ళు పిలిస్తే వెళ్ళు.

ఇక మీ నాన్న. ఆయనకు అప్పు భయం, నువ్వు తరగతులు వదిలేస్తావన్న భయం. ఉండిపోవాలన్న నీ ఆలోచన గొంతులో ఎక్కడో ఆయనకు వినిపించే ఉంటుంది. ఈ వారమే ఫోను చేసి, ముందు సెప్టెంబరులో తరగతులు మొదలయ్యే తేదీ చెప్పు, ఆ తర్వాత మిగతా కబుర్లు. అమ్మ కూడా పక్కనే ఉంటుంది కాబట్టి సీలు మాంసం సంగతి దాచకు. ఆ నేల మీద పంట పండదు, వేటకు వెళ్ళినవాళ్ళు తెచ్చినది ఊరంతా పంచుకుంటారు, నన్ను ఇంటి మనిషిలా కూర్చోబెట్టి పెట్టారని చెప్పు. ఇంటికొచ్చినవాళ్ళకు పెట్టకుండా పంపని అమ్మలకు అది అర్థమవుతుంది.