ఉపవాసం సంగతి తరువాత, చెల్లెలి సంగతి చెప్పండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. మా సంఘంలో 14 ఏళ్లుగా స్త్రీల సమాజాన్ని నడిపిస్తున్నాను. అమ్మ ప్రభువునందు నిద్రించి ఏడాదైంది. అప్పటినుంచి నా ఆత్మీయ జీవితంలో వెలుగు లేదు. వాక్యం చదివితే అక్షరాలే కనబడుతున్నాయి, మోకరిస్తే గోడతో మాట్లాడుతున్నట్టుంది. మా చెల్లెలు అన్యుణ్ణి (క్రైస్తవుడు కానివాణ్ణి) పెళ్లి చేసుకొన్నది మొదలు, ‘వెలుగునకు చీకటితో ఏమి పొత్తు’ అన్న వాక్యానికి లోబడి ఆమెతో మాటలు మానుకొన్నాను కనుక ఆ విషయంలో నా మనస్సాక్షి నిర్మలంగానే ఉంది. 21 రోజులు ఉపవాస ప్రార్థన చేస్తే వెలుగు తిరిగి వస్తుందా? నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను.
– ఒక సహోదరి, కృష్ణా జిల్లా (ఉత్తరాన్ని కుదించాము)

జవాబు: సహోదరి గారికి వందనాలు. ఉపవాసం మాట ముందే ముగిస్తాను. షుగరుకు మాత్రలు వేసుకొనేవారు తిండి మానితే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది కనుక, మీ వైద్యుణ్ణి అడగకుండా 21 రోజులు కాదు గదా, ఒక్కరోజు కూడా ఆ పని చేయకండి. అంతకు మించి ఆ ప్రశ్న మీద కాలం గడపను.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. వెలుగు లేదన్న బాధకు మూడు పేజీలు ఇచ్చిన మీరు చెల్లెలికి ఒక్క వాక్యం ఇచ్చారు. ఆ వాక్యంలో ఆమె ఏ ఊళ్లో ఉంటున్నదో, పిల్లలున్నారో లేదో చెప్పలేదు గాని, మీ మనస్సాక్షి నిర్మలంగా ఉన్నదని మాత్రం ఎవరూ అడగకముందే చెప్పుకొన్నారు. భూస్థాపన రోజున ఆమె ఎక్కడ కూర్చున్నదో రాసి, ఆ రెండు పంక్తులనూ కొట్టివేశారు. కొట్టివేసిన పంక్తులే నాకు ఎక్కువ సంగతులు చెప్పాయి.

వెలుగు కనబడకపోవడం ప్రతిసారీ పాపానికి గుర్తు కాదు. మదర్ థెరిసా దాదాపు యాభై ఏళ్లు లోపలి చీకటితోనే సేవ చేశారన్న సంగతి, ఆమె మరణించిన పదేళ్లకు, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా అచ్చయినప్పుడు గాని లోకానికి విస్తారంగా తెలియలేదు. మీ విషయంలోనూ సగం దుఃఖమే అయి ఉండవచ్చు. తల్లి పోయిన ఏడాదికి ప్రార్థన పొడిబారితే అందులో ఆశ్చర్యపడవలసినది లేదు. నిద్ర, ఆకలి కూడా తగ్గి ఉంటే ఆ మాట కూడా వైద్యునికి చెప్పండి. అయితే ఆ తల్లి కోసం మీతో సమానంగా ఏడవగల మనిషి ఈ లోకంలో మరొకరు ఉన్నారు, ఆమెకు మీరు తలుపు మూసివేశారు.

ఇక ‘వెలుగునకు చీకటితో’ అన్న బైబిలు వాక్యం సంగతి. దానిని మీరు వాడిన తీరు చూసి నాకు కోపం వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండవ పత్రికలో అవిశ్వాసులతో జోడుగా ఉండవద్దన్నాడు, నిజమే. పెళ్లికి ముందు మీ చెల్లెలికి ఆ మాట చూపించి ఉంటే మీ బాధ్యత మీరు చేసినట్టే. కాని పెళ్లయిపోయినవారికి అదే పౌలు అదే సంఘానికి మొదటి పత్రికలో, ఏడవ అధ్యాయంలో ఏమి చెప్పాడు? విశ్వాసి కాని భర్త కాపురం చేయడానికి ఇష్టపడితే భార్య అతనిని విడిచిపెట్టకూడదన్నాడు. భార్యనే విడిచిపోవద్దన్నవాడు, అక్కను ముఖం తిప్పుకోమని చెప్పాడని మీరు ఎక్కడ చదివారు? అన్నట్టు, ‘అన్యుడు’ అన్న మాటను మన సంఘాలలో మరీ తేలికగా వాడేస్తాము. ఆయన మీకు మరిది. పిల్లలుంటే మీరు వారికి పెద్దమ్మ.

మీరు ఉపవాసం అడిగారు కనుక యెషయా 58వ అధ్యాయం తెరవండి. స్త్రీల కూడికలో ఎన్నోసార్లు చదివించి ఉంటారు. దేవునికి ఇష్టమైన ఉపవాసం ఏదో చెబుతూ ప్రవక్త ఏకరువు పెట్టిన వాటిలో, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం పక్కనే ‘నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుటయు’ అన్న మాట ఉంది. ఆ వెంటనే, ‘నీ వెలుగు వేకువ చుక్కవలె ఉదయించును’ అన్న వాగ్దానం ఉంది. మీరు ఆ వెలుగును కోరుతున్నారు, దాని ముందున్న షరతును మాత్రం దాటవేస్తున్నారు. కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన దీపం కూడా మొదట ఇంట నుండువారికే వెలుగిచ్చేది.

తల్లి పోయాక ఆడపిల్లకు అక్క ఇల్లే పుట్టిల్లు. ఇది మతాలకు అతీతంగా మన ఇళ్లలో ఉన్న ధర్మం, నేను దీనిని గట్టిగా నమ్ముతాను. చిన్నది తప్పు చేసిందని మీరు అనుకొంటే అనుకోండి; అనుకొంటూనే పసుపు కుంకుమలు పెట్టించుకోని మన ఇళ్లలో కూడా చెల్లెలికి ఒక చీర పెట్టి, ఒక పూట అన్నం పెట్టి పంపడం పెద్దదాని పని. సంఘంలో ఎవరేమనుకొంటారోనన్న జంకు మీకు ఉన్నదని నా అనుమానం. 14 ఏళ్లు ముందు వరుసలో నిలబడినవారికి ఆ జంకు సహజం. అయినా ప్రభువు, నీ మీద నీ సహోదరునికి విరోధమున్నదని గుర్తుకు వస్తే అర్పణను బలిపీఠం ముందే విడిచి వెళ్లి మొదట సమాధానపడమన్నాడే గాని, సంఘ పెద్దలను సంప్రదించి వెళ్లమనలేదు.

వచ్చే సంస్కారపు (ప్రభువు బల్ల) ఆదివారం లోపే వెళ్లండి. ఫోనులో క్షమాపణ చెప్పి ముగించకండి, ఆమె గుమ్మం దాకా నడవండి. మొదటి రాకలో వాక్యం ఎత్తవద్దు, మరిదిని ఆరాధనకు పిలవవద్దు. ఆమె వెంటనే కరిగిపోతుందని ఆశించకండి; ఆమెకూ ఆత్మగౌరవం ఉంటుంది, భూస్థాపన నాడు తగిలిన దెబ్బ ఒక్క పూటలో మానదు. ఆమె తలుపు తీయకపోతే మరో నెలకు మళ్లీ వెళ్లండి. ఉత్త చేతులతో మాత్రం వెళ్లకండి. అమ్మ చీరలన్నీ మీ బీరువాలోనే ఉండి ఉంటాయి, వాటిలో ఆమె చిన్నప్పటినుంచి ఇష్టపడినది ఏదో మీకు తెలిసే ఉంటుంది.