పొలంలో దొరికిన కుందేలు ఆకారపు బ్రోచ్ రోమన్ కాలానిదేనా? ఇప్పుడు ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లో దున్నిన పొలంలో మెటల్ డిటెక్టర్‌కు దొరికిన మూడు సెంటీమీటర్ల కుందేలు బ్రోచ్ (బట్టలకు సూదితో గుచ్చుకునే నగ) గురించి అడిగారు. ముందు దాన్ని తిరగేసి చూడండి, అసలు ఆధారం వెనకవైపే ఉంటుంది. ఒక చివర రెండు చిన్న రేకులు, వాటి మధ్య సూది తిరిగే కీలు. రెండో చివర సూది మొన ఆనే కొక్కెం. ముందువైపు ఒంటిమీద గుంటల్లో ఎరుపు, నీలం ఎనామిల్ (లోహంపై కరిగించి అతికించిన రంగు గాజు) జాడ కూడా ఉంటే, అది చాలావరకు క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ బ్రోచే. సూది లేకపోవడం మామూలే.

దయచేసి తోమకండి! బ్రష్‌తో రుద్దినా, వెనిగర్‌లో నానబెట్టినా గుంటల్లోని ఎనామిల్ పొడిగా రాలిపోతుంది. నున్నటి ముదురాకుపచ్చ పొర లోహానికి రక్షణ. దాన్ని చిలుమనుకుని గీకేస్తే చెవులు, కళ్ల గీతలు కూడా పోతాయి. మట్టితోనే నీడలో ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. లేతాకుపచ్చ పొడి మచ్చలు లేస్తుంటే లోపల క్లోరైడ్లు అనే లవణాలు లోహాన్ని తింటున్నట్టే, వెంటనే కన్జర్వేటర్‌కు (పాత వస్తువులను పాడవకుండా కాపాడే నిపుణులకు) చూపించాలి.

దొరికిన చోటు కనీసం 8 అంకెల గ్రిడ్ రిఫరెన్స్‌తో (మ్యాప్‌లో చోటును చూపే సంఖ్య), లోతుతో సహా రాసి, జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ స్థానిక అధికారికి చూపించండి. చోటు తెలియని బ్రోచ్ చరిత్రకు సగమే పనికొస్తుంది. ఒంటరి కంచు బ్రోచ్ సాధారణంగా 1996 ట్రెజర్ చట్టం (దొరికిన నిధుల చట్టం) కిందికి రాదు. వెండిదైతే మాత్రం 14 రోజుల్లో కరోనర్‌కు (అది నిధో కాదో విచారించే స్థానిక అధికారికి) తెలపాలి.