నువ్వు రాయని లైను నీ కమిట్‌లోకి వస్తే

హారికా,

నీ మెసేజ్ చదివాను. బటన్ రంగు మార్చి, ఆ మార్పు కలపమని పెట్టిన పుల్ రిక్వెస్ట్‌లో, ప్రాజెక్ట్‌కి ఏ ప్యాకేజీలు కావాలో రాసి ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలు కూడా మారి ఉందట, "దీన్నెందుకు కదిలించావు?" అని మీ లీడ్ అడిగారట, నువ్వు "నేను ముట్టుకోలేదండీ" అన్నావట. నిజమేనే, నువ్వు ముట్టుకోలేదు. కానీ కమిట్ (గిట్‌లో భద్రపరిచిన మార్పుల కట్ట) మీద పేరు నీదే కాబట్టి ఆ జవాబు అక్కడ చెల్లదు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూడు. ఫైలు చివర, మూసే బ్రాకెట్‌కి ముందు, "ప్యాకేజ్‌మేనేజర్" అని కొత్త లైను. దానికెదురుగా యార్న్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) 1.22.22, ఒక ప్లస్ గుర్తు, ఎస్‌హెచ్‌ఏ512, ఆ తర్వాత వేలిముద్రలాంటి చాంతాడంత హ్యాష్, 128 అక్షరాలు. పై లైను చివర ఒక కామా చేరింది, అందుకే పాతకీ కొత్తకీ తేడా చూపే డిఫ్‌లో అదీ మారినట్టు చూపిస్తోంది. ఇది యార్న్ పని కాదు, యార్న్‌లాంటి టూల్స్‌ని సరైన వెర్షన్‌లో నడిపించే కోర్‌ప్యాక్ పని. నీ మెషీన్‌లో యార్న్ అని కొడితే ముందు పలికేది అదే. ఏ వెర్షన్ నడపాలో ప్యాకేజ్ డాట్ జేసన్‌లో వెతుకుతుంది. అక్కడ ఏమీ లేకపోతే తనకు తెలిసిన వెర్షన్ ఒకటి తీసుకుని, దాన్నే ఫైల్లో రాసేస్తుంది. చెప్పకుండా రాయదులే. ఈ ప్రాజెక్ట్‌లో ఆ ఫీల్డ్ లేదు, ఇప్పుడు చేరుస్తున్నానని ఒక ముక్క అంటుంది. వెనకే ఇన్‌స్టాల్ లాగ్ వరదలా వచ్చిపడితే ఆ ముక్క ఎవరి కంటపడుతుంది? అడగని ఫైలు దిద్దడం నాకైతే నచ్చదు, హెచ్చరించి దిద్దినా సరే.

అలాగని కంగారుపడి ఆ లైను చెరిపేయకు. ముందు టీమ్‌లో ఎవరు ఏది వాడుతున్నారో అడుగు. అందరూ యార్న్ 1.22 మీదే ఉంటే ఆ లైను మంచిదే, అందరికీ ఒకే వెర్షన్ వస్తుంది. అప్పుడు దాన్ని బటన్ రంగుతో కలపకుండా విడిగా కమిట్ చేసి, ఎందుకో ఒక వాక్యం రాయి. ఎవరైనా యార్న్ బదులు అలాంటిదే పీఎన్‌పీఎం వాడుతుంటే మాత్రం చిక్కే. వాళ్లదీ కోర్‌ప్యాక్ మీదుగా నడిచేదైతే, ఈ ప్రాజెక్ట్ యార్న్‌కి కేటాయించారని చెప్పి ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆ లైను వద్దనుకుంటే తీసెయ్, దాంతోపాటు టెర్మినల్ తెరవగానే చదివే నీ షెల్ ప్రొఫైల్‌లో కోర్‌ప్యాక్ ఎనేబుల్ ఆటో పిన్ అనే వేరియబుల్‌కి సున్నా పెట్టు. లేకపోతే మళ్లీ యార్న్ కొట్టగానే లైను మళ్లీ ప్రత్యక్షం.

పక్క సీటు అబ్బాయికి ఇది రావట్లేదన్నావు. అతని దగ్గర యార్న్ నేరుగా ఇన్‌స్టాల్ అయి ఉండొచ్చు. లేదా అతని దగ్గర జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ 25 ఉండొచ్చు, ఆ వెర్షన్ నుంచి కోర్‌ప్యాక్ నోడ్‌తో పాటు రావడం లేదు.

నోడ్‌తో పాటే వచ్చే ప్యాకేజీల టూల్ ఎన్‌పీఎం కూడా ఏమీ తక్కువ తినలేదు. 2017లో వచ్చిన ఎన్‌పీఎం 5 నుంచి, ఏ ప్యాకేజీ పేరు చెప్పి ఇన్‌స్టాల్ కొట్టినా అది ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని డిపెండెన్సీల్లో చేరిపోతుంది. ఊరికే ప్రయత్నించి చూడాలంటే నో సేవ్ అని జోడించు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో పడిందో రాసి ఉంచే లాక్ ఫైలుది ఇంకో కథ. పాత వెర్షన్ 1 లాక్ ఫైలున్న ప్రాజెక్ట్‌లో ఎన్‌పీఎం 7తో ఇన్‌స్టాల్ చేస్తే దాన్ని వెర్షన్ 2గా తిరగరాస్తుంది, ఎన్‌పీఎం 9 అయితే నేరుగా 3కి తీసుకెళ్తుంది. ఒక్క ప్యాకేజీ మారకపోయినా డిఫ్ మాత్రం కొండంత. అందుకే అందరికీ ఒకే నోడ్, దాంతో ఒకే ఎన్‌పీఎం ఉండేలా, నోడ్ వెర్షన్ ఏదో డాట్ ఎన్‌వీఎంఆర్‌సీ అనే ఫైల్లో రాసి పెట్టమని మీవాళ్లకి చెప్పు. బిల్డ్ సర్వర్లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ ఉండాలి. అది ప్యాకేజ్ డాట్ జేసన్, లాక్ ఫైలు రెండింటిలో దేన్నీ దిద్దదు, రెండింటికీ పొంతన లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఈ గొడవ భరించలేక లాక్ ఫైలునే గిట్ పట్టించుకోకుండా గిట్ ఇగ్నోర్‌లో వేసేవాళ్లున్నారు, వాళ్ల మాట వినకు.

ఇక నీ అలవాటు సంగతి. మారిన ఫైళ్లన్నీ చూడకుండా ఒకేసారి కలిపేసే కమిట్ మైనస్ ఏఎం మానెయ్యవే తల్లీ. గిట్ యాడ్ మైనస్ పీ అని కొట్టు, మార్పులు ముక్కముక్కగా చూపించి వై నా ఎన్ నా అని అడుగుతుంది. ప్యాకేజ్ డాట్ జేసన్ ముక్క రాగానే చెయ్యి ఆపి చదువు, నీది కాకపోతే ఎన్. ఎన్ కొట్టినంత మాత్రాన ఆ మార్పు పోదు, నీ ఫోల్డర్లోనే కూర్చుని ఉంటుంది. ఉంచాలో తీసెయ్యాలో ఆ రోజే తేల్చుకో.

మీ లీడ్‌కి ఇలా రాయి: "ఆ లైను కోర్‌ప్యాక్ చేర్చిందండీ, ఈ పుల్ రిక్వెస్ట్‌లోంచి తీసేశాను. మనకు యార్న్ వెర్షన్ పిన్ చెయ్యడం అవసరమైతే విడిగా పెడతాను, ఏ వెర్షన్ కావాలో చెప్పండి." అంతకంటే సంజాయిషీ అక్కర్లేదు.

ఆశీస్సులతో,
పిన్ని