కారుణ్య మరణాన్ని మన దగ్గర కూడా చట్టం చేస్తే తప్పేంటి?

నయం కాని జబ్బుతో నరకం చూస్తున్న మనిషికి, కెనడాలో లాగా, డాక్టర్ సాయంతో చనిపోయే హక్కు ఇస్తే తప్పేంటని అడిగారు. నన్నడిగితే మన జిల్లాలకు ముందు రావాల్సింది నొప్పి తగ్గించే మందు. అది అందని చోట చావు కావాలన్న మాటను నమ్మి చట్టం చేయలేం.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయినకు గొంతు క్యాన్సర్. ఇక లాభం లేదని ఇంటికి పంపిన ప్రైవేటు ఆసుపత్రి మామూలు నొప్పి మాత్రలే రాసిచ్చింది. రాత్రంతా మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. ఒకనాడు "ఏదన్న సూది ఏపియ్యి బిడ్డా, ఉన్న రెండెకరాలన్న మిగుల్తయ్" అన్నాడు. సూది సంగతి సరే, ఆ రెండెకరాల మాటకే నాకు ఏడుపు ఆగలేదు. తర్వాత హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకున్నా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టర్లు మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు మాత్రలిచ్చారు. నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా, టైముకు వేయమన్నారు. విరేచనం ఆగిపోకుండా వేరే మందు. నిద్ర పట్టింది. లేచి, పత్తి ఏరుడు ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. సూది మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకు ఇంట్లోనే పోయాడు.

మార్ఫిన్‌తో తీరని బాధలూ ఉంటాయి. హైదరాబాద్ చెస్ ఆటగాడు వెంకటేశ్ కండరాల క్షీణతతో మంచాన పడి, అవయవాలు పాడవకముందే దానం చేసి పోనివ్వమని 2004లో కోరాడు. ఆ కోరికతోనే తల్లి కోర్టుకు వెళ్లింది. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ తల్లికొడుకుల ముందు నా వాదన నిలబడదు, ఒప్పుకుంటాను.

కానీ గీత ఎక్కడ ఆగుతుంది? అమెరికాలోని ఆరెగాన్‌లో 6 నెలలకు మించి బతకరని డాక్టర్లు తేల్చినవాళ్లకే ఆ అవకాశం. కెనడా 2016లో మొదలుపెట్టి, 2021కల్లా చావు దగ్గరపడాలన్న షరతునే తీసేసింది. మమ్మల్ని బతికించే సాయం చేయకుండా చావు దారి చూపిస్తారా అని అక్కడి వికలాంగుల సంఘాలే ఎదురుతిరిగాయి. మా నల్గొండ జిల్లా మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూసినోళ్లం మనం. పింఛను కోసం తిరిగి తిరిగి అలసిన మనిషి సంతకం పెడితే అది ఇష్టమా, విసుగా? ఏ డాక్టర్ తేలుస్తాడు?

వెంటిలేటర్ల మీద సాగదీయొద్దన్నదే మీ టెన్షన్ అయితే దారి ఇప్పటికే ఉంది. కోలుకోలేని స్థితి వస్తే ఇలాంటి చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్‌తో ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. మీ తరఫున ఎవరు మాట్లాడాలో అందులోనే రాయండి, ఒక కాపీ ఆ మనిషికి ఇవ్వండి. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉంటే మాత్రం ఇవాళే పాలియేటివ్ కేర్ గురించి జిల్లా ఆసుపత్రిలో అడగండి.